లెక్క అప్పజెప్పేది ఎవరికి?

(కన్నెగంటి హనుమంతు స్మృతిలో నరసరావుపేటలో చేసిన ఉపన్యాసానికి అచ్చురూపం)



హనుమంతు పేరు మీద జరిగే సభలో పెట్టుబడిదారుల వార్షిక నివేదికల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాదనలేక సరేనన్నారు. పుల్లరి గురించి, హనుమంతు ఊరు మించాలపాడు గురించి చెబితే బాగుండునని వాళ్ల మనసులో ఉంది. అక్కణ్నుంచే మొదలుపెడతాను. 1921లో పల్నాడు తాలూకాలో తగువు గొడ్ల మేత దగ్గర పుట్టింది. అడవిలో గొడ్డు మేస్తే సర్కారుకు పుల్లరి కట్టాలి. వాన కురిసినా కురవకున్నా కట్టాలి. వసూలైన సొమ్ముకు లెక్క కింది ఉద్యోగి పై ఉద్యోగికి చెప్పుకునేవాడు, ఆ లెక్క చివరకు మద్రాసు చేరేది. కట్టినవాడికి ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేదు. జనం ఎదురుతిరిగారు. అధికారులకు నీళ్లు, నిప్పు, చాకలి, మంగలి అన్నీ బందు పెట్టారు. ఇక్కడి సంగతులు కళ్లారా చూసి రమ్మని కాంగ్రెసు పంపిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారిని ప్రభుత్వం జైల్లో పెట్టింది. 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో ఆ ఉద్యమ నాయకుడు హనుమంతు చనిపోయాడు.

ఈ కథలోంచి ఇవాళ ఒక్క సంగతే తీసుకుంటాను. డబ్బు కింది నుంచి వచ్చింది, లెక్క మాత్రం పైకి పోయింది. కింద ఏం జరుగుతోందో రాసుకుపోదామని వచ్చిన మనిషికి జైలు దక్కింది. ఈ నూరేళ్లలో పాలకులు మారారు, చట్టాలు మారాయి. లెక్క నడిచే దారి ఎంత మారిందో చూద్దాం.

పెట్టుబడిదారు అనగానే మనకు ముంబయిలో కోటు తొడుక్కున్న పెద్దమనిషి గుర్తొస్తాడు. ఈ హాల్లో 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరిన టీచర్లు చాలామందే ఉన్నారు. సీపీఎస్, అదే కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం, అంటే మీకు కడుపు మంట అని తెలుసు, ఆ తగువులోకి నేను పోను. నెలనెలా మీ బేసిక్, డీఏ మీద 10 శాతం కోసి ఎక్కడికి పంపుతున్నారు? పెన్షన్ ఫండ్లకు. వాళ్లు దాన్ని కొంత ప్రభుత్వ బాండ్లలో, కొంత కంపెనీల బాండ్లలో, కొంత షేర్లలో పెడతారు. ఎల్‌ఐసీ పాలసీ ఉన్నవాళ్లు, నెలకు 1,000 రూపాయల మ్యూచువల్ ఫండ్ ఎస్ఐపీ కట్టే కుర్రవాళ్లు, బ్యాంకులో మిర్చి డబ్బు డిపాజిట్ చేసిన రైతులు, అందరిదీ అదే వరస. మీ డబ్బుతో ఇంకొకరు పెట్టుబడి పెడుతున్నారు. కాబట్టి వాళ్లు ఎవరికి ఏం చెబుతున్నారన్నది మీ ఇంటి సంగతే.

ఇప్పుడు పైనుంచి చూద్దాం. 2006 ఏప్రిల్‌లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో, అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ చేతుల మీదుగా బాధ్యతాయుత పెట్టుబడి సూత్రాలు మొదలయ్యాయి. మొత్తం 6 సూత్రాలు. డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చుకునేటప్పుడు పర్యావరణం, సమాజం, కంపెనీ పాలన ఈ మూడింటినీ లెక్కలోకి తీసుకుంటామని సంతకం చేయాలి. ఆరో సూత్రం, చేసింది చెబుతామనే హామీ. ఇవాళ 5,000కు పైగా సంస్థలు సంతకాలు చేశాయి. వాటి చేతిలోని సొమ్ము 120 లక్షల కోట్ల డాలర్ల పైమాటే. ప్రపంచంలో పెట్టుబడి సొమ్ములో పెద్ద భాగం, కాగితం మీదైనా, బాధ్యత గలదే అన్నమాట.

ఈ సంస్థలు నిర్ణీత ప్రశ్నావళికి జవాబులు రాసి పంపాలి. పర్యావరణ విధానం ఉందా? ఓటు హక్కు వాడుతున్నారా? కంపెనీలతో మాట్లాడుతున్నారా? జవాబుల నుంచి రెండు పత్రాలు పుడతాయి. మొదటిది జవాబుల పత్రం, అది ఎవరైనా చూడొచ్చు. రెండోది మార్కుల పత్రం. మొదట్లో ఏ ప్లస్ నుంచి ఈ దాకా అక్షరాలిచ్చేవారు, 2021 నుంచి ఒకటి మొదలు ఐదు దాకా నక్షత్రాలు ఇస్తున్నారు. ఈ రెండోది ఆ సంస్థకే ఇస్తారు. బయటపెట్టాలా వద్దా అన్నది దాని ఇష్టం. పరీక్ష రాసిన పిల్లవాడే ప్రోగ్రెస్ కార్డు దాచుకోవచ్చన్నమాట! మంచి మార్కులు వచ్చినవాళ్లు బ్రోచర్ల మీద అచ్చు వేయించుకుంటారు. రానివాళ్ల సంగతి మీరే ఊహించుకోండి. ఆ 2021లోనే ప్రశ్నావళి కొత్తగా మార్చారు. అది ఎంత చిక్కుపడిందంటే ఫలితాలు రావడానికి మరుసటి ఏడు పట్టింది, 2022లో నివేదికలు అడగడమే మానేశారు.

ఈ ఏర్పాటు మొత్తాన్నీ వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. ఆ ప్రశ్నలే లేకపోతే చాలామంది ఆలోచించి ఉండేవారు కాదు. కనీస అర్హతలు లేవని 2020లో 5 సంస్థలను జాబితా నుంచి తీసేశారు కూడా. వేల సంస్థల్లో ఐదు. పట్టుకోగల చేతులు వేరే చోట ఉన్నాయి. జర్మనీలో డాయిష్ బ్యాంకుకు చెందిన డీడబ్ల్యూఎస్ అనే ఫండ్ సంస్థ, తన పెట్టుబడుల్లో పర్యావరణ సామాజిక పరిశీలన ఉందని చెప్పుకున్నంతగా నిజంగా లేదని తేలాక 2023 సెప్టెంబరులో అమెరికా నియంత్రణ సంస్థకు 1.9 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. 2025 ఏప్రిల్‌లో జర్మనీ ప్రాసిక్యూటర్లు మరో 2.5 కోట్ల యూరోలు వేశారు. అక్కడ గుట్టు బయటపెట్టింది లోపల పనిచేసిన ఒక ఉద్యోగిని. నివేదిక చదివి ఎవరూ కనిపెట్టలేదు.

జర్మనీ దాకా పోనక్కర్లేదు. ఇంతకంటే పెద్ద పాఠం మన ఇళ్లల్లోనే జరిగింది. ఇక్కడ కాస్త నిలబడి చెబుతాను.

1998లో గుంటూరులో పద్మజారెడ్డి గారు స్పందన అనే స్వచ్ఛంద సంస్థ పెట్టారు. అప్పటికి పల్నాడు గుంటూరు జిల్లాలో భాగం. మన పేరున జిల్లా రావడానికి 2022 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. స్పందన పద్ధతి ఇది: పేద ఆడవాళ్లకు పూచీకత్తు లేకుండా చిన్న అప్పు. ఐదారుగురు కలిసి గ్రూపు. వారం వారం మీటింగు, వారం వారం కిస్తీ. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. ఇదే పద్ధతిలో షేర్, ఎస్‌కేఎస్ వంటివి హైదరాబాద్ కేంద్రంగా ఎదిగాయి. మొదట దాతల సొమ్ముతో, తర్వాత బ్యాంకు అప్పులతో, ఆ తర్వాత విదేశీ పెట్టుబడి నిధులతో. స్వచ్ఛంద సంస్థలు మైక్రోఫైనాన్స్ కంపెనీలయ్యాయి.

ఈ కంపెనీల్లో డబ్బు పెట్టినవాళ్లలో చాలామంది తమను సామాజిక పెట్టుబడిదారులని చెప్పుకున్నవాళ్లే. లాభం వస్తుంది, పేదరికం తగ్గుతుంది, రెండూ ఒకే చెక్కుతో. వాళ్లు తమ పైవాళ్లకు పంపిన నివేదికల్లో ఏముండేది? ఎంతమందికి అప్పిచ్చాం, అందులో ఆడవాళ్లు ఎందరు, సగటు అప్పు ఎంత, వసూళ్లు ఎంత. వసూళ్లు ఎప్పుడూ 98, 99 శాతం. ఆ అంకె చూసి లోకం మురిసిపోయింది. పేదవాళ్లు మాట తప్పరని వ్యాసాలు రాశారు.

ఆ 99 వెనక ఏముందో సత్తెనపల్లిలోనో మాచర్లలోనో సెంటరు మీటింగులో కూర్చున్న ఏ ఇల్లాలైనా చెప్పగలిగేది. ఒక కంపెనీ కిస్తీకి ఇంకో కంపెనీ అప్పు. దాని కిస్తీకి డ్వాక్రా అప్పు. అది చాలకపోతే మెడలో తాడు కుదవ. అదీ కాకపోతే గ్రూపులో పక్కింటావిడ కడుతుంది, కట్టి గుమ్మం ముందు కూర్చుంటుంది. కంపెనీ పుస్తకంలో ఇవన్నీ ఒకే రకంగా పడతాయి, వసూలైనట్టు. నివేదిక అబద్ధం చెప్పలేదు. అడగని ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు, అంతే.

వడ్డీ సంగతి చూడండి. లెక్క కోసం 10,000 రూపాయల అప్పు అనుకుందాం. 15 శాతం ఫ్లాటు వడ్డీ, 50 వారాలు. వడ్డీ 1,500, మొత్తం 11,500, వారానికి 230. మన భాషలో నూటికి రూపాయి పావలా. ఊళ్లో నూటికి మూడు రూపాయలకు తెచ్చుకునే మనిషికి ఇది ధర్మవడ్డీలా కనిపిస్తుంది. అయితే మొదటి వారం నుంచే అసలు తీరుతూ వస్తోంది కదా. ఏడాది పొడవునా సగటున ఆమె దగ్గర ఉన్న సొమ్ము 5,000 చిల్లర. దానికి 1,500 వడ్డీ అంటే దాదాపు 30 శాతం, నూటికి రెండున్నర రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు, బీమా ప్రీమియం దీనికి అదనం. వడ్డీ వ్యాపారి కంటే తక్కువే, ఒప్పుకుంటాను. వడ్డీ వ్యాపారి మాత్రం తాను పేదరికం తగ్గిస్తున్నానని ఎవరికీ నివేదిక పంపడు.

బ్యాంకుల పాత్ర ఇంకా విచిత్రం. మైక్రోఫైనాన్స్ కంపెనీలకు అన్నిటికంటే ఎక్కువ సొమ్ము వచ్చింది బ్యాంకుల నుంచే, అంటే మన డిపాజిట్ల నుంచి. ప్రాధాన్య రంగానికి ఇంత అప్పు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు లక్ష్యం పెడుతుంది. పల్లెలో బ్రాంచి తెరిచి, మేనేజరు ఊరూరా తిరిగి చిన్న అప్పులివ్వడం కష్టం. మైక్రోఫైనాన్స్ కంపెనీకి ఒక్క చెక్కు రాస్తే ఆ మొత్తం లక్ష్యంలో కలిసిపోతుంది. మార్చి వచ్చిందంటే తయారుగా ఉన్న అప్పుల మూటలను కొనుక్కోవడానికి బ్యాంకులు పోటీ పడేవి. మార్చి 31న నివేదిక నిండుగా ఉండేది. ఆ మూటల్లోని అప్పు ఎవరి ఇంట్లో ఎన్నోదో అడిగిన బ్యాంకులు అరుదు.

2006లోనే ఒకసారి హెచ్చరిక వచ్చింది. కృష్ణా జిల్లాలో కలెక్టరు స్పందన, షేర్ సంస్థల బ్రాంచీలు 50 దాకా మూయించారు. వడ్డీ ఎక్కువని, వసూళ్లు కఠినమని ఆరోపణలు. చర్చలు జరిగాయి, సంస్థలు తమకు తామే ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. అందులో మాటలన్నీ మంచివే: పారదర్శకత, గౌరవంగా వసూలు, అతి అప్పు ఇవ్వకపోవడం. నాలుగేళ్లు గడిచాయి. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ షేర్ మార్కెట్‌కు వచ్చింది. షేరు 985 రూపాయలకు అమ్మితే దరఖాస్తులు 13 రెట్లు దాటాయి. పాత పెట్టుబడిదారులు కొంత అమ్ముకుని గొప్ప లాభం చూశారు. రెండు నెలలు తిరగకుండానే, వసూళ్ల వేధింపులకు తాళలేక ఆత్మహత్యలన్న వార్తలు పత్రికల నిండా. అక్టోబరులో రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కంపెనీలు జిల్లా అధికారి దగ్గర నమోదు కావాలి. ఇంటి గుమ్మంలో వసూళ్లు కూడదు. వారం కిస్తీలు పోయి నెల కిస్తీలు రావాలి. వడ్డీ అసలును మించకూడదు. జనం కట్టడం మానేశారు. రాష్ట్రంలో 7,000 కోట్ల రూపాయలకు పైగా అప్పులు ఇరుక్కుపోయాయి. 99 శాతం అన్న వసూళ్లు నెలల్లోనే పది శాతానికి అటూఇటూ పడ్డాయి. ఎస్‌కేఎస్ షేరు 2012లో 100 రూపాయల లోపుకు దిగింది.

ఒక మాట సూటిగా చెప్పాలి. అప్పుల ఊబికి ఒక్క మైక్రోఫైనాన్సే కారణమనేవాళ్లతో నేను ఏకీభవించను. అప్పట్లో మన రాష్ట్రంలో గ్రామీణ కుటుంబాల్లో మైక్రోఫైనాన్స్ అప్పు ఉన్నవాటి కంటే డ్వాక్రా అప్పు, వడ్డీ వ్యాపారి అప్పు ఉన్నవే చాలా ఎక్కువ. పత్తికి పురుగు పట్టినప్పుడు, మిర్చి ధర పడినప్పుడు పురుగుమందు కొట్టులో అరువు ఎంత పెరుగుతుందో మీకు నేను చెప్పాలా? ప్రభుత్వానికి తన పావలా వడ్డీ పథకం, తన డ్వాక్రా సంఘాలు కాపాడుకోవాలన్న తొందర కూడా ఆ ఆర్డినెన్సులో ఉంది. ఇన్ని నిజాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్న చోట పెట్టుబడిదారు నివేదికలో ఒకే ఒక నిజం, వసూళ్ల శాతం, అచ్చయింది. నా ఫిర్యాదు అదీ.

ఆ తర్వాత ఏం జరిగింది? 2011 జనవరిలో, ఆర్డినెన్సు వచ్చిన మూడు నెలలకు, నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఆ దేశపు యువరాణి మాక్సిమా సమక్షంలో, చిన్న అప్పుల రంగంలో పెట్టుబడి పెట్టేవాళ్ల కోసం ప్రత్యేక సూత్రాలు వెలువడ్డాయి. ఖాతాదారుల రక్షణ, న్యాయమైన నడవడి, పారదర్శకత, మితమైన లాభం. వీటిమీద కూడా నివేదిక ఇవ్వాలన్నారు. మంచిదే. హేగ్‌లో సంతకాలు జరిగిన నెలలోనే ఇక్కడ ఈ రంగం మీద వేసిన మాలెగాం కమిటీ రిజర్వు బ్యాంకుకు నివేదిక ఇచ్చింది. ఏడాది చివరకు రిజర్వు బ్యాంకు నియమాలు వచ్చాయి: ఒకే మనిషికి రెండు కంపెనీలకు మించి అప్పివ్వకూడదు, వడ్డీకి పరిమితి, తరిగే అసలు మీదే లెక్క, అందరికీ ఒకే తీరు లోన్ కార్డు. ఈ రెంటిలో ఏది మన ఇళ్లకు చేరింది? నన్నడిగితే లోన్ కార్డు. అది కట్టేవాళ్ల చేతిలో ఉంటుంది కాబట్టి. 2022లో వడ్డీ పరిమితి ఎత్తేశారు. మొత్తం కిస్తీలు కుటుంబ ఆదాయంలో సగానికి మించకూడదన్న నియమం తెచ్చారు. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు ఆ ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన రాష్ట్ర చట్టం వర్తించదని చెప్పింది. గేటు మళ్లీ తెరుచుకుంది. అందుకే పాత సంగతి తవ్వుతున్నాను.

ఇంకో సంగతి నివేదికల్లో నేనెక్కడా చూడలేదు. వెళ్లిపోవడం. డబ్బు వచ్చేటప్పుడు ఫోటోలుంటాయి, పాడిగేదె పక్కన నవ్వుతున్న మహిళ ఉంటుంది. 2010 తర్వాత ఆ డబ్బు రాష్ట్రం విడిచిపోయినప్పుడు ఎవరి చిన్న కొట్టు మూతపడింది, ఎవరు మళ్లీ మూడు రూపాయల వడ్డీకి పోయారు? ఆంధ్రలో దెబ్బతిన్న కంపెనీలు ఇతర రాష్ట్రాల్లోనూ అప్పులు తగ్గించాల్సి వచ్చింది. అలాంటి జిల్లాల్లో కూలి రేట్లు కూడా పడ్డాయని ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టి చూపారు. ఈ పని పరిశోధకులు చేశారు, పెట్టుబడిదారులు చేయలేదు. బాధ్యత అన్నది చేరేటప్పుడు ఎంతో, వదిలిపోయేటప్పుడూ అంతే ఉండాలి కదా.

సత్యం కంప్యూటర్స్ సంగతి ఎత్తకపోతే మీరు ఊరుకోరు. 2008 సెప్టెంబరులో ఉత్తమ కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం అందుకున్న కంపెనీ అది. 2009 జనవరి 7న దాని అధిపతి రామలింగరాజు ఉత్తరంతో 7,136 కోట్ల రూపాయల బొంకు బయటపడింది. పురస్కారం వెనక్కి తీసుకున్నారు. అందరికీ గుర్తున్న భాగం ఇది. నాకు అంతకుముందు నెల ముఖ్యం. డిసెంబరు 16న రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొంటామని సత్యం ప్రకటించగానే పెద్ద పెట్టుబడిదారులు ఫోన్ల మీదే తిరగబడ్డారు, న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా కూలింది, కొన్ని గంటల్లోనే నిర్ణయం రద్దయింది. తెలుగునాట పెట్టుబడిదారులు బాధ్యతగా నడుచుకున్న ఘటన ఒకటి చెప్పమంటే నేను ఇదే చెబుతాను. అప్పటికి మన దేశంలో వాళ్లను అలా చేయమన్న నియమావళి ఏదీ లేదు.

నియమాలు తర్వాత వచ్చాయి. మ్యూచువల్ ఫండ్లు కంపెనీల సమావేశాల్లో ఎలా ఓటు వేశాయో బయటపెట్టాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2010 మార్చిలో చెప్పింది. బీమా కంపెనీలకు 2017లో, పెన్షన్ ఫండ్లకు 2018లో, మ్యూచువల్ ఫండ్లకు 2019 డిసెంబరులో, పెట్టుబడి పెట్టిన కంపెనీల మీద కన్ను వేసి ఉంచాలనే నియమావళులు వచ్చాయి. 2022 ఏప్రిల్ నుంచి ఫండ్లు ప్రతి తీర్మానం మీదా ఓటు వేసి తీరాలి, కారణం రాయాలి. 2023 జులైలో ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన) పేరు పెట్టుకున్న ఫండ్లకు ఇంకా గట్టి షరతులు పెట్టారు. కనీసం 65 శాతం సొమ్మును, బయటివాళ్లు తనిఖీ చేసి ధ్రువీకరించిన సమాచారం ఇచ్చే కంపెనీల్లోనే పెట్టాలి. ఏడాదికోసారి ఫండ్ మేనేజరు ఏం చేశాడో రాయాలి.

ఇవన్నీ చదివే అలవాటు నాకుంది, ఇంట్లోవాళ్లు నవ్వుతారు. విధానం గురించి రాసిన పేజీలు నేను తిప్పేస్తాను. అందరివీ ఒక్కలాగే ఉంటాయి, కంపెనీ పేరు చేత్తో మూసి చదివితే ఎవరిదో చెప్పలేం. తిన్నగా ఓట్ల పట్టికకు పోతాను. వందల తీర్మానాల్లో వ్యతిరేకంగా వేసినవి ఎన్ని? దేనిమీద? కారణం గడిలో ఏం రాశారు? 'వాటాదారుల ప్రయోజనానికి అనుగుణం' అన్న ఒకే వాక్యం వరసగా దిగుతూ పోతే ఆ ఫండు ఆలోచించి ఓటు వేసిందని నేను నమ్మను. యజమాని కుటుంబ సభ్యుడి జీతం పెంపు మీద 'వ్యతిరేకం' అని, ఎందుకో రెండు వాక్యాలు కనబడితే అక్కడ మనిషి పనిచేశాడని అర్థం. ఆ తర్వాత కంపెనీలతో మాట్లాడామన్న చోట పేర్లున్నాయా అని చూస్తాను. 'సిమెంటు రంగంలోని ఒక కంపెనీతో ధూళి గురించి చర్చించాం' అంటే మాచర్లలోనా, తాడిపత్రిలోనా? ఆ ధూళి పీల్చేవాడికి తెలియకూడని రహస్యం అందులో ఏముంది?

సిమెంటు మాట వచ్చింది కనుక. మాచర్లలో 1958 నుంచి సిమెంటు తయారవుతోంది. మన కింద ఉన్నది సున్నపురాయి నేల. పెద్ద కంపెనీలు ఎంత నీళ్లు వాడాయి, ఎంత కార్బన్ వదిలాయి, ఎందరు కార్మికులు గాయపడ్డారు అన్నది ఇప్పుడు ఏటా రాయాలి. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి ఇది తప్పనిసరి. ఫండ్ల నివేదికలన్నీ ఈ సమాచారం మీదే నిలబడతాయి. మరి పిడుగురాళ్ల సున్నపు బట్టీలు? జిన్నింగు మిల్లులు? మిర్చి కోల్డ్ స్టోరేజీలు? అవి ఈ వెయ్యిలో లేవు. మన జిల్లాలో ఎక్కువమంది పనిచేసే చోట్లు పెట్టుబడిదారు నివేదికకు కనపడవు. వాటికి అప్పిచ్చే బ్యాంకులు లిస్టెడ్ కంపెనీలే అయినా, బట్టీ దగ్గర పొగ బ్యాంకు నివేదికలోకి ఎక్కదు.

నివేదిక కిందికి ఎలా నడవాలో మన రాష్ట్రమే ఒకసారి చేసి చూపింది. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి పద్ధతిగా మొదలుపెట్టింది, 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీ పెట్టింది. మస్టర్ రోల్ తీసుకుని ఇంటింటికీ వెళ్లి, 'నీ పేరున 14 రోజుల కూలి రాశారు, నిజమేనా?' అని అడగడం. తర్వాత గ్రామసభలో అందరి ముందూ చదవడం. పని చేయని మనిషి పేరు, చనిపోయిన మనిషి పేరు అక్కడికక్కడే బయటపడేవి. ఆ తనిఖీలో తేలిన సొమ్ము తిరిగి రాబట్టడంలో వ్యవస్థ బలహీనమే, అందులో నాకు భ్రమలు లేవు. కానీ లెక్క నిజమో కాదో తేల్చేవాడు ఆ లెక్కలో పేరున్నవాడే అయ్యాడు. పెట్టుబడిదారులకు నక్షత్రాలిచ్చే ఏ ప్రశ్నావళీ ఆ పని చేయలేదు.

మైక్రోఫైనాన్స్ కంపెనీలో డబ్బు పెట్టిన ఫండు, తన వార్షిక నివేదికలో మన ప్రాంతానికి సంబంధించిన రెండు పేజీలు తెలుగులో అచ్చువేసి బ్రాంచి గోడకు అంటించడానికి ఎంత ఖర్చు? అప్పున్నవాళ్లలో ఎందరికి మూడో అప్పు ఉంది, ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎన్ని తీరాయి, నిజమైన వడ్డీ నూటికి ఎన్ని రూపాయలు. ఈ నాలుగు చాలు. తప్పు రాస్తే వారం మీటింగులోనే తేలిపోతుంది. సిమెంటు కంపెనీ షేరున్న ఫండు కూడా గని పక్క ఊళ్లకు ఇదే చేయవచ్చు. చట్టం అడగకపోయినా చేయవచ్చు. చేయరని మీరంటారు. అడిగేవాళ్లు లేకపోతే చేయరు, నిజం.

అందుకని ఉపాధ్యాయ మిత్రులకు, ఎస్ఐపీలు కట్టే కుర్రవాళ్లకు నా విన్నపం ఒకటి. మీ ఫండ్ వెబ్‌సైటులో ఓట్ల పట్టిక ఉంటుంది, తెరిచి చూడండి. పోయిన ఏడాది దేనికి వ్యతిరేకంగా ఓటు వేశారో, ఎందుకో, మా జిల్లాలో వ్యాపారం ఉన్న ఏ కంపెనీతో ఏం మాట్లాడారో చెప్పమని ఒక ఉత్తరం రాయండి. తెలుగులోనే రాయండి, తెలుగులోనే జవాబు అడగండి. ఒక్కరు రాస్తే చెత్తబుట్టలో వేస్తారు, ఒక్క నరసరావుపేట నుంచే 200 ఉత్తరాలు వెళ్తే ఎవరో ఒకరు కూర్చుని చదవక తప్పదు. జవాబు వస్తే నలుగురికీ చూపించండి. రాకపోతే మరుసటి నెల మళ్లీ రాయండి.